కొత్త ఎనిమోన్ మీ తొట్టిలో కాలూనాలంటే

రొయ్యల సీడు, అంటే చెరువులో వదిలే రొయ్యపిల్లలు, దిగే రోజున మా వైపు ఎవరికీ పాఠం చెప్పనక్కర్లేదు. తెల్లవారకముందే వ్యాను వస్తుంది. సంచులు విప్పకుండానే చెరువులో తేలేస్తారు. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే వేడికి వచ్చాక మూతి విప్పి, చెరువు నీళ్ళు కొంచెం కొంచెం కలుపుతారు. భీమవరంలో అడిగినా రాజోలులో అడిగినా పదేళ్ళ పిల్లాడు కూడా ఈ వరస చెప్పేస్తాడు. ఇంట్లో ఉప్పునీటి తొట్టి పెట్టి ఎనిమోన్‌ని తెచ్చుకోవాలనుకునేవాళ్ళకి ఈ చెరువు తెలివి సగం దూరం దాకా పనికొస్తుంది. మిగతా సగం దూరంలో అదే ముంచుతుంది. నా మొదటి ఎనిమోన్ అలాగే పోయింది. ఆ సంగతి కింద చెప్తాను.

చూడ్డానికి పువ్వులా ఉన్నా ఎనిమోన్ జంతువు, పగడాలకి దగ్గరి చుట్టం. ఎముక లేదు, పెంకు లేదు. కింద చప్పటి పాదం, పైన నడిమధ్య నోరు, నోటి చుట్టూ కుట్టే కణాలున్న మీసాలు. తినేదీ ఆ నోటితోనే, విసర్జించేదీ ఆ నోటితోనే. మనం తొట్టిలో పెంచే రకాల ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురం ఉంటుంది. వెలుతురు తగిలితే ఆ నాచు చేసే ఆహారంలో చాలా భాగం ఎనిమోన్‌కి అందుతుంది. అంటే దీనికి లైటు వెయ్యడమంటే అన్నం పెట్టడమే. ఇంకో సంగతి, ఇది నడుస్తుంది. నచ్చని చోట పెడితే పాదం ఊడదీసుకుని రాత్రికి రాత్రి ఇంకో చోటికి పోతుంది. దానికి నడవాల్సిన అవసరం తగ్గించడం, నడిచినా ప్రాణం పోకుండా చూడడం, మీ పనల్లా ఇదే.

ఎప్పుడు తేవాలి

తొట్టిలో నీళ్ళు పోసి కనీసం 6 నెలలు అయ్యుండాలి. ఏడాది అయితే ఇంకా నయం. రొయ్యలైతే రెండు పంటలు తీసేసే కాలం, తొట్టిని ఉత్త రాళ్ళతో, రెండు చేపలతో నడపమంటే ఎవరికైనా విసుగే. అమ్మోనియాని నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే బాక్టీరియా రాళ్ళ మీద పట్టడానికి నెల, నెలన్నర చాలు. కానీ తొట్టి ఒక దారిన పడి, ఇవాళ ఒకలా రేపు ఒకలా ఉండడం మానేయడానికి చాలా ఎక్కువ కాలం పడుతుంది. చేప తట్టుకునే మార్పుని ఎనిమోన్ తట్టుకోదు.

మా వాతావరణంలో నెల కూడా చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో సంచి దారిలోనే ఉడికిపోతుంది. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. 1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమ వాళ్ళకి రోజుల తరబడి కరెంటు లేకపోవడమంటే ఏమిటో ఒకరు చెప్పాలా? నన్నడిగితే సంక్రాంతి దాటాక, ఫిబ్రవరి లోపల తెచ్చుకోండి. పండక్కి ముందు తెస్తే ఇంటికొచ్చిన చుట్టాల పిల్లలు అద్దం మీద టకటకా కొడుతూనే ఉంటారు.

నీళ్ళు

"సముద్రం పక్కనే ఉంది కదండీ, అంతర్వేది నుంచో ఓడలరేవు నుంచో రెండు డ్రమ్ములు తెచ్చుకుంటే పోలా?" అని అందరూ అడుగుతారు. పోదండి. గోదావరి పాయల్లో అంతర్వేది దగ్గర వశిష్ఠ, ఓడలరేవు దగ్గర వైనతేయ సముద్రంలో కలుస్తాయి. యానాం మీదుగా గౌతమి పోతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా ఎర్రనీరు దిగితే తీరం వెంట ఉప్పదనం పడిపోతుంది. ఒండ్రు సంగతి సరేసరి. మిగతా రోజుల్లో చెరువులు తోడి వదిలిన నీళ్ళు కాలువల వెంట అక్కడికే చేరతాయి. ఏ రోజు నీళ్ళలో ఏముందో తెలియనప్పుడు ఆ డ్రమ్ముని నమ్మి ఎనిమోన్‌ని పెట్టలేం.

అక్వేరియం దుకాణాల్లో దొరికే సింథటిక్ సముద్రపు ఉప్పు కొనండి. లీటరుకి సుమారు 35 నుంచి 38 గ్రాములు పడుతుంది. వంట ఉప్పు, మడుల్లో తీసిన ఉప్పు పనికిరావు. వాటిలో కాల్షియం, మెగ్నీషియం, క్షారం సముద్రంలో ఉండే పాళ్ళలో ఉండవు. విడిగా ఒక డ్రమ్ములో కలిపి, చిన్న పంపు వేసి ఒక రోజంతా తిప్పి, ఆ తర్వాతే తొట్టిలో పోయాలి.

ఉప్పు కలిపే మంచినీళ్ళ దగ్గర మాకు ఇంకో చిక్కు. బోరు నీళ్ళు ఎక్కువ చోట్ల ఉప్పగానే ఉంటాయి, పైగా ఇనుము. కొళాయిలో వచ్చేది కాలువ నీరు, దానికి క్లోరిన్ కలుపుతారు. ఇరవై లీటర్ల టిన్ను నీళ్ళు మనం తాగడానికి బాగుంటాయి గానీ, నీళ్ళలో కరిగిన లవణాల్ని కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూడండి, పదుల్లో చూపిస్తుంది. మనకి కావలసింది సున్నా నుంచి 5 లోపు. అందుకు మిగిలిన లవణాల్ని కూడా లాగేసే డీఐ గొట్టం బిగించిన చిన్న ఆర్వో యంత్రం ఇంట్లో పెట్టుకోవడం తప్ప దారి లేదు. వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా, ఆ వారాల కోసం రెండు డ్రమ్ములు ముందే పట్టి మూత పెట్టి ఉంచుకోండి.

ఉప్పదనం 35 పీపీటీ (వెయ్యి పాళ్ళ నీళ్ళలో 35 పాళ్ళు) ఉండాలి, స్పెసిఫిక్ గ్రావిటీలో చెప్పాలంటే 1.025, 1.026. మన చెరువుల్లో పెంచే వనామీ రొయ్య 10లోనూ పెరుగుతుంది, 5లోనూ పెరుగుతుంది. ఆ ఉదారత ఇక్కడ లేదు. చెరువు దగ్గర ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు వాడుకోవచ్చు. కాకపోతే మంచినీళ్ళ చుక్క వేసి సున్నాకి సరిచేసుకునే అలవాటు చాలదు. 35 పీపీటీ ద్రావణం అమ్ముతారు, దానితో సరిచూసుకోండి. ఇంకోటి, తొట్టిలోంచి ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. కాబట్టి తగ్గిన మేరకి రోజూ ఆర్వో మంచినీళ్ళే పోయాలి. ఉప్పునీళ్ళు పోస్తూ పోతే నెలకల్లా తొట్టి ఊరగాయ జాడీ అవుతుంది.

వేడి 25 నుంచి 27 డిగ్రీలు. ఫ్యాను గాలికి నీరు చల్లబడాలంటే గాలి పొడిగా ఉండాలి. మా దగ్గర మే నెల గాలి తడిబట్టలా ఒంటికి అంటుకుంటుంది. ఫ్యాను ఒకటి రెండు డిగ్రీలు తగ్గిస్తుందేమో గానీ అంతకు మించి ఆశపడొద్దు. నీళ్ళు చల్లబరిచే చిల్లర్ యంత్రమైనా ఉండాలి, గదిలో ఏసీ అయినా నడవాలి. మా అమ్మ ఇప్పటికీ అంటుంది, "మాకు ఫ్యానూ, నీ పువ్వుకి ఏసీనా?" అని.

అమ్మోనియా, నైట్రైటు సున్నా. నైట్రేటు 10 పీపీఎం లోపు. పీహెచ్ 8.1 నుంచి 8.4. ఆల్కలినిటీ, అంటే క్షారత, 8 నుంచి 10 డీకేహెచ్ (దాన్ని కొలిచే కొలత). చెరువులో కాస్త అమ్మోనియా కనబడితే ఏరేటర్లు తిప్పి, ఏదో ఒకటి చల్లి నెట్టుకొస్తాం. ఇక్కడ ఆ "కాస్త" కూడా కుదరదు.

అన్నిటికంటే భయపడాల్సింది రాగికి. చేపల తెల్లచుక్కల జబ్బుకి రాగి మందు ఎప్పుడైనా వాడిన తొట్టి అయితే అందులో ఎనిమోన్ ఆలోచన మానుకోండి. రాళ్ళూ ఇసుకా రాగిని పట్టి ఉంచి మెల్లగా వదులుతుంటాయి. చెరువులో నాచుకి కాపర్ సల్ఫేటు కలిపిన బకెట్టుని కడిగి తెచ్చి తొట్టికి వాడొద్దు. మగ్గు, బకెట్టు, ట్యూబు అన్నీ విడిగా కొనుక్కోండి. ఎయిర్ పంపు గదిలో గాలినే పీల్చి నీళ్ళలోకి వదులుతుంది కాబట్టి ఆ గదిలో దోమల స్ప్రే కొట్టకండి.

ఏది కొనాలి

మొదటిసారి అయితే మీసాల కొసలు బుడగల్లా ఉబ్బే బబుల్ టిప్ రకం. కార్పెట్, మాగ్నిఫికా అనే రకాల ఎనిమోన్లు అందంగా ఉంటాయి, అంతే తొందరగా పోతాయి. వాటి జోలికి ఇప్పుడే వద్దు. బబుల్ టిప్ తనంతట తాను రెండుగా చీలి పెరుగుతుంది. అలా ఎవరి తొట్టిలోనో చీలిన ముక్క దొరికితే సముద్రంలోంచి తీసినదాని కంటే నూరు రెట్లు మేలు, తొట్టి బతుకు దానికి ముందే తెలుసు. తొట్టి మరీ చిన్నదైతే నీళ్ళ గుణం తొందరగా మారిపోతుంది. 150, 200 లీటర్లు ఉంటే మంచిది.

చెన్నై కొళత్తూరు నుంచో హైదరాబాదు నుంచో తెప్పించుకునేటప్పుడు వీడియో అడగండి. నోరు బిగుసుకుని ఉందా, పాదం చిరగలేదా, దేనికైనా అతుక్కుని ఉందా చూడండి. పాలలా తెల్లబడిందంటే లోపలి నాచు పోయిందని లెక్క. మరీ మెరిసే పసుపు రంగు ఉంటే రంగు వేశారేమో అనుమానించాలి. రెంటినీ కొనకండి. దానితోపాటు సముద్రపు పగడపు రాళ్ళు అంటగడతామంటే వద్దనండి. రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. తొట్టికి సిరామిక్ రాళ్ళు చాలు.

దీన్ని తేవడమంటే ఒక వేసవి సరదా కాదని కూడా తెలుసుకోండి. 1828లో స్కాట్లాండు తీరంలో సర్ జాన్ డాల్యెల్ పట్టుకుని గాజు పాత్రలో పెట్టిన ఎనిమోన్ 1887 దాకా బతికింది. అది వేరే జాతి, చల్లనీళ్ళది. ఆయన 1851లో పోయాడు, పాత్రలోది ఇంకో 36 ఏళ్ళు ఉంది.

వచ్చే ముందు రోజు: పంపు

ఇక్కడే నా కథ. నా మొదటి ఎనిమోన్ రాత్రి బస్సులో వచ్చింది. జాగ్రత్తగానే దింపాను. కొత్త ప్రాణి, గాలి బాగా అందాలి అనుకుని, చెరువులో రాత్రి ఏరేటర్లు తిప్పినట్టే వేవ్ మేకర్ (తొట్టి నీళ్ళని కదిలించే పంపు) పూర్తి వేగంతో పెట్టి పడుకున్నాను. తెల్లవారి చూస్తే అది నడుచుకుంటూ పోయి పంపు రెక్కల్లో పడింది. నీళ్ళు పలచటి మజ్జిగలా ఉన్నాయి. అప్పుడైనా బుద్ధిగా ముక్కలు ఏరేసి నీళ్ళు మార్చాలా? చెరువు చెయ్యి ఊరుకోలేదు. చెరువుల్లో వేసే జియోలైటు, ప్రోబయోటిక్ పోశాను. మర్నాటికి రెండు చేపలు తేలాయి.

అందుకని ఎనిమోన్ రాకముందే ప్రతి పంపు మూతికీ, నీళ్ళు పీల్చే ప్రతి గొట్టానికీ ముతక స్పాంజి గానీ సన్నకంతల ప్లాస్టిక్ జాలీ గానీ తొడగండి. స్పాంజి చెత్తతో మూసుకుపోతుంది, రెండు రోజులకోసారి తీసి కడగాలి. హీటరు ఉంటే దానికీ జాలీ తొడుగు వెయ్యండి.

దింపే రోజు

గదిలో లైట్లు తగ్గించండి, తొట్టి లైటు ఆర్పేయండి. సంచిని విప్పకుండా 15, 20 నిమిషాలు తొట్టిలో తేలెయ్యండి. ఇంతవరకు సీడు లాగే. తర్వాత ఎనిమోన్‌ని దాని నీళ్ళతో సహా శుభ్రమైన గిన్నెలోకి మార్చి, తొట్టిలోంచి ఎయిర్ పంపు ట్యూబు ఒకటి వేసి, దానికి ముడి వేసి, సెకనుకి రెండు మూడు చుక్కలు పడేలా బిగించండి. సెలైన్ ఎక్కించినట్టన్నమాట. గిన్నెలో నీళ్ళు రెట్టింపు అయ్యాక సగం పారబోసి మళ్ళీ పట్టండి. రిఫ్రాక్టోమీటరులో రెండు నీళ్ళూ ఒకటే చూపించేదాకా, సుమారు గంట.

నెమ్మదిగా చేస్తే మంచిదని కొందరు నాలుగైదు గంటలు సాగదీస్తారు. దూరం నుంచి వచ్చినదానికి అది చేటు. మూసిన సంచిలో కార్బన్ డయాక్సైడు పేరుకుని పీహెచ్ తగ్గి ఉంటుంది. ఆ స్థితిలో అమ్మోనియా అంత విషం కాదు. మూతి విప్పగానే ఆ వాయువు పోయి పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియా విషంగా మారుతుంది. కాబట్టి విప్పాక ఆలస్యం పనికిరాదు.

చేతికి గ్లవ్స్ వేసుకోండి. బబుల్ టిప్ కుట్టడం అరచేతికి తెలియకపోవచ్చు గానీ ముంజేతి మీద దద్దుర్లు వస్తాయి. ఆ చేత్తో కన్ను నలిపారంటే గోల. పాలిథీన్‌కి అతుక్కుపోయి ఉంటే లాగొద్దు. బయటి వైపు నుంచి వేలితో పాదం అంచుని మెల్లగా ఒత్తుతూ పోతే అదే వదులుతుంది. పాదం చిరిగితే బతకడం కష్టం. సంచి నీళ్ళు తొట్టిలో పోయకండి.

పంపులన్నీ ఆపి, రాళ్ళ మధ్య తొట్టి సగం ఎత్తులో ఉన్న సందు చూసి, పాదం చీకట్లోకి, నోరు వెలుతురు వైపుకి వచ్చేలా కూర్చోబెట్టండి. ఒక నిమిషం చెయ్యి అడ్డంపెట్టి ఉంచండి. గంట, గంటన్నరలో పాదం పట్టుకుంటుంది. ఈలోగా గాలి కోసం ఎయిర్ స్టోన్ నడవనివ్వండి. పట్టుకున్నాక పంపుని తక్కువ వేగంతో మొదలుపెట్టండి. పగడాలు పెంచుతున్నవాళ్ళు వాటికి జానెడు దూరం ఉంచాలి, మీసాలు తగిలిన మేర పగడం మాడిపోతుంది.

మొదటి వారాలు

రొయ్య మేత తిన్నదో లేదో అని రోజుకి నాలుగుసార్లు చెక్ ట్రే ఎత్తి చూసే చేతులు మనవి. ఇక్కడ ఆ చేతులు కట్టుకుని కూర్చోవడమే కష్టమైన పని. మర్నాడు లైటు మీ మామూలు వెలుతురులో సగానికి పెట్టి, రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచుతూ రోజుకి 8, 9 గంటలకి తీసుకురండి.

ఒక పూట పళ్ళెమంత విచ్చుకుంటుంది. ఇంకో పూట పిడికెడై ముడుచుకుపోతుంది, నోట్లోంచి గోధుమరంగు జిగురు వదులుతుంది. పక్కింటివాళ్ళు వచ్చి "ఏవండీ, పువ్వు వాడిపోయినట్టుందండీ?" అంటారు. వాడిపోలేదు. పాత నీళ్ళూ మలినమూ బయటికి తోసి కొత్త నీళ్ళు పీల్చుకుంటుంది. కొన్ని గంటల్లో మళ్ళీ ఉబ్బుతుంది. మీరు పెట్టిన చోట ఉండకుండా అద్దం మీదికి ఎక్కినా, రాయి వెనక్కి పోయినా తెచ్చి మళ్ళీ పెట్టొద్దు. వెలుతురు చాలకపోతే పైకి పోతుంది, ఎక్కువైతే నీడకి పోతుంది, ప్రవాహం నచ్చకపోతే పక్కకి పోతుంది. ఒకే చోట వారం పది రోజులు ఉందంటే అది కాలూనినట్టే.

రోజుల తరబడి నోరు తెరుచుకుని వేలాడుతుంటే, పొట్ట బయటికి తన్నుకొస్తుంటే, పాదం దేనికీ పట్టకుండా దొర్లుతుంటే అప్పుడు కంగారుపడండి. ముందు ఉప్పదనం, అమ్మోనియా, వేడి చూడండి. అమ్మోనియా కనబడితే పావు వంతు నీళ్ళు మార్చి, నీళ్ళు వడగట్టే యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి. మందులేమీ పోయకండి. ఒళ్ళు పొరలుగా ఊడుతూ కుళ్ళు వాసన వస్తుంటే ఇక లేనట్టే. వెంటనే తీసేయండి, గంటల్లో తొట్టి మొత్తాన్ని పాడుచేస్తుంది.

మేత

వారం దాకా ఏమీ పెట్టకండి. విచ్చుకుని, మీసాలు జిగురుగా పట్టుకుంటున్నప్పుడు గోరంత ముక్క పొడవాటి పటకారుతో మీసాలకి అందించండి. వారానికి ఒకటి, రెండుసార్లు చాలు. పెద్ద ముక్క పెడితే రెండు రోజులు లోపల ఉంచుకుని తిరిగి కక్కుతుంది.

ఏం పెట్టాలి అంటే మా ఇళ్ళలో మొదట గుర్తొచ్చేది రొయ్యే. ఎనిమోన్‌కి రొయ్య మంచిదే. అయితే తొట్టిలో చేపల ఒళ్ళు శుభ్రం చేసే క్లీనర్ రొయ్యలు ఉన్నవాళ్ళు చెరువు రొయ్య పచ్చిది పెట్టొద్దు. 1990ల మధ్య నుంచి మన చెరువుల్ని ఏడిపిస్తున్న తెల్లమచ్చ వైరస్ చేపనీ ఎనిమోన్‌నీ ఏమీ చేయదు, రొయ్యజాతిని మాత్రం వదలదు. ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా దాన్ని నమ్మలేం. అలాంటి తొట్టికి సముద్రపు చేప కండ, స్క్విడ్ ముక్క మేలు. ఉప్పూ పసుపూ తగలనిది, ఆర్వో నీళ్ళతో కడిగినది పెట్టండి.

జోడీ చేప

చాలామంది ఎనిమోన్ తెచ్చేదే క్లౌన్ చేప అందులో దొర్లితే చూడాలని. నెల ఆగండి. కొత్త ఎనిమోన్ మీద చేప రోజంతా పడి దొర్లితే అది విచ్చుకోలేదు. చేప ముందే తొట్టిలో ఉంటే, కంతలున్న ప్లాస్టిక్ బుట్టని ఎనిమోన్ మీద కొన్నాళ్ళు బోర్లించండి. మనకి ఎక్కువగా దొరికే ఆసెలారిస్ క్లౌన్ సముద్రంలో బబుల్ టిప్‌లో ఉండదు. తొట్టిలో అలవాటు పడేవి చాలానే ఉన్నాయి గానీ, నెలలు గడిచినా పంపు మూలనే కాపురం పెట్టే చేపలూ ఉన్నాయి. దాన్ని బలవంతపెట్టలేం. చేప కొనేటప్పుడు హేచరీలో పుట్టినదే అడగండి. తమిళనాడు మండపంలోని సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రం వాటిని పిల్లలు చేయించే పద్ధతిని ఎప్పుడో తెచ్చింది.

కరెంటు

బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి, ఇన్వర్టరు మీద వేవ్ మేకర్ ఒకటి ఉంటే మామూలు కోతలకి సరిపోతుంది. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు మేత ఆపేయండి. లైటు లేకుండా రెండు మూడు రోజులు ఎనిమోన్ ఓర్చుకుంటుంది, గాలి లేకుండా ఓర్చుకోదు. ఇంట్లో జనరేటరు ఉన్నా అది ముందు చెరువు మీదికే పోతుందని మీకూ నాకూ తెలుసు, కాబట్టి బ్యాటరీలు మాత్రం మర్చిపోకండి.

ఏడాది గడిచాక ఒక ఉదయం అది నిలువునా సాగి, మధ్యలో సన్నబడి, చిరిగిపోతున్నట్టు కనపడుతుంది. నీళ్ళ లెక్కలు సరిగ్గా ఉంటే అది చీలడం, చావడం కాదు. ఒక సగం ఉన్న చోటే ఉంటుంది. రెండో సగం కొత్త చోటు వెతుక్కుంటూ బయల్దేరుతుంది. ఈపాటికి పంపు మూతి స్పాంజి తీసేసి ఉంటారు, మళ్ళీ తొడగండి.